వెనకపేజీ అక్క సంతకం

మేనేజరు చొక్కా కాలరు అర అంగుళం బిగుతు. బొత్తాల మామ్మ మొదట చూసింది అదే. ఎవరైనా కొట్లాటకు వస్తే మొహం కన్నా ముందు కుట్లు చూడటం ఆమెకు యాభై ఏళ్ల అలవాటు. పైబొత్తాం పెట్టుకుని అరిచే మగాడు ఎక్కువసేపు అరవలేడని ఆమె అంచనా. ఆ రోజు అంచనా తప్పలేదు గానీ, అతని నోరు మూయించింది కాలరు కాదు, పక్క కొట్టులో జిరాక్సు మిషను దగ్గర నిలబడ్డ మనిషి.

పక్క కొట్టు అనడం గొప్పకే. ఉన్నది ఒకటే గది, మధ్యలో ప్లైవుడ్ చెక్క. ఇటు మామ్మ కుట్టుమిషను, అటు జిరాక్సు మిషను, చెక్కకు పైన ఇద్దరికీ కలిపి ఒక ఫ్యాను. రోడ్డు దాటితే ఎదురుగా కాలేజీ గేటు. పొడుగైన ప్యాంట్లు ఇటువైపూ, నకలు తీయాల్సిన కాగితాలు అటువైపూ వచ్చి పడేవి.

ఆ రోజు వచ్చింది రెండో సంవత్సరం చదివే ఒక పిల్ల. సాయంత్రాలు బట్టల దుకాణంలో పనిచేసేది. పరీక్షలు దగ్గరపడ్డాయి, పని మానేస్తానని చెప్పింది. మేనేజరు ఆమె వెనకే కాలేజీ దాకా వచ్చి, జిరాక్సు కొట్టు ముందు పట్టుకున్నాడు. చేతిలో కాంట్రాక్టు కాగితం.

"చదువుకున్నదానివేగా. సంతకం పెట్టేముందు చూసుకోవద్దూ? ఏడాది దాకా మానడానికి లేదు. మానితే ఇక్కడ పనిచేసినట్టు ఉత్తరం కూడా రాదు. ఇదిగో, వెనక రాసుంది" అన్నాడు.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. జిరాక్సు మనిషి మిషను మూత వేసి బయటికొచ్చింది.

"ఆ కాగితం ఒకసారి ఇలా ఇవ్వండి బాబూ."

"మీకెందుకండీ? మీరెవరు?"

"జిరాక్సు తీసేదాన్ని. కాగితం పట్టుకుని మీరే నా కొట్టు ముందుకొచ్చారు, నేను మీ కొట్టుకి రాలేదు."

అతను ఇచ్చాడు. ఆమె ముందువైపు చూసింది, తిప్పి వెనకవైపు చూసింది. తర్వాత పిల్ల వైపు చెయ్యి చాపింది. "నీకిచ్చింది ఏదమ్మా?"

పిల్ల సంచీలోంచి తన నకలు తీసింది. దాని వెనకవైపు తెల్లగా ఉంది, ఒక్క అక్షరం లేదు.

"ఇది మీ ఆఫీసులో తీసిచ్చిందే, మీ స్టాంపుంది" అందామె. "మీ దగ్గర రెండు వైపులు, ఈ అమ్మాయి దగ్గర ఒకవైపు. సంతకం ఏ వైపుంది?"

"ముందువైపే ఉంటుంది కదండీ."

"మరి షరతులు వెనక చూడమని ముందువైపు ఎక్కడైనా ఉందా? వేలు పెట్టి చూపించండి."

అతని వేలు కాగితం మీద పైనుంచి కిందికి దిగింది, మళ్లీ పైకి ఎక్కింది, చివరికి కాలరు దగ్గరికెళ్లి పైబొత్తాం విప్పింది. అప్పుడే మామ్మ లోపల్నుంచి అంది: "ఆ కాలరు వదులు చేయించుకోవాలంటే ఇటు రా నాయనా, పది నిమిషాల పని."

జిరాక్సు మనిషి నవ్వలేదు. "ఈ పిల్లకి మీరు చూపించని షరతు ఇది. దీన్ని మీ పైవాళ్ల ముందు పెడదామా, లేకపోతే పరీక్షల కోసం మానేస్తోంది, ఇన్నాళ్లూ బాగా పనిచేసింది అని ఇక్కడే రెండు ముక్కలు రాసిస్తారా? పెన్ను నా దగ్గరుంది."

అతను రాశాడు. ఆమె దానికి నకలు తీసి అతనికే ఇచ్చింది. "రెండు వైపులా తీశాను, వెనక ఏమీ లేదని మీకు నమ్మకం కుదరాలి కదా" అంది.

ఆ సాయంత్రం నుంచే పిల్లలు ఆమెను వెనకపేజీ అక్క అనడం మొదలుపెట్టారు. తొమ్మిదేళ్లయింది. అసలు పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీదే కనిపిస్తుంది.

ఈ సోమవారం ఇంకో కాగితం మీద కూడా కనిపించింది. కాలేజీ ప్యూను రోడ్డు దాటి వచ్చి పొడుగు కవరు ఇచ్చి వెళ్లాడు. లైబ్రరీ పక్కన కొత్తగా ఒక గది తెరుస్తున్నారు. చదువుకుంటూ పనిచేసే పిల్లలకు దరఖాస్తులు రాయించడానికీ, కాంట్రాక్టులు చదివి చెప్పడానికీ ఒక మనిషి కావాలి. నలభై తొమ్మిదేళ్ల వెనకపేజీ అక్కను ఆ కుర్చీలో కూర్చోమంటున్నారు. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా సంతకం పెట్టి ఇవ్వాలి. ఇవ్వకపోతే జాబితాలో రెండో మనిషిని పిలుస్తారు.

కవరు విప్పి పై కాగితం మీద పేరు చూసుకుని, అక్క ఆ అక్షరాల మీద వేలు నడిపింది. మామ్మ చెక్క మీదుగా తొంగి చూసి, మళ్లీ కుట్టులోకి తల దించేసింది. ఆ కాగితం విలువ ఏమిటో ఆ వీధిలో మామ్మకొక్కదానికే తెలుసు.

జిరాక్సు మిషను కొనకముందు వెనకపేజీ అక్క అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఆఫీసులో పదిహేనేళ్లు పనిచేసింది. ఏ పెట్టె ఎక్కడికి వెళ్లింది, ఎవరు తెచ్చారు, ఎవరు తీసుకెళ్లారు, అన్నీ రిజిస్టర్లలో ఎక్కించేది ఆమే. చేరిన రోజు యజమాని అన్నాడట: "నువ్వు మా ఇంటి మనిషివమ్మా, మన మధ్య కాగితాలేంటి?" ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందంటే, పదిహేనేళ్లూ దాన్నే కప్పుకుని తిరిగింది. తర్వాత యజమాని మంచం పట్టాడు, అల్లుడు వచ్చాడు, అల్లుడితో కంప్యూటరు వచ్చింది. రేపట్నుంచి రానక్కర్లేదన్నాడు.

"పోనీ, ఇన్నేళ్లు చేశానని ఒక ఉత్తరమైనా ఇవ్వండి" అని అడిగింది.

"ఏ రికార్డులో ఉన్నారో చూపించండి, ఇస్తాను."

రికార్డులన్నీ ఆమె చేతిరాతే. లక్షల పెట్టెల్ని ఎక్కించింది గానీ తన్ను తాను ఎక్కడా ఎక్కించుకోలేదు. తర్వాత మూడు ఆఫీసులకు దరఖాస్తు పెట్టుకుంది. ముగ్గురూ ఒకటే అడిగారు, అనుభవానికి రుజువేదని. మూడో చోటు నుంచి తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒక పాత జిరాక్సు మిషను అమ్మకానికి కనిపించింది. కొనేసింది. "కాగితం లేక పని పోయినదాన్ని, ఇక కాగితాల మధ్యే కూర్చుంటాను పిన్నీ" అని మామ్మతో అంది, గదిలో సగం అద్దెకు అడగడానికి వచ్చినప్పుడు. మామ్మకు ఆ మాట తీరు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు, ఫ్యాను తనవైపే తిప్పుకోనని మాటివ్వమని మాత్రం అడిగింది.

మామ్మకూ కాగితాలకూ మధ్య కొంచెం దూరం ఉంది. చదివింది మూడో తరగతి. అంకెల్లో ఆమెను కొట్టేవాళ్లు లేరు, కొలతల టేపు పుణ్యమా అని. అక్షరాలు మాత్రం ఒక్కొక్కటే చేత్తో పట్టుకుని గట్టు ఎక్కించినట్టు చదువుతుంది. అందుకే పదిమంది ముందు చదవదు. కానీ వేలిముద్ర మాట ఎత్తితే ఒప్పుకోదు. ఒకసారి ఏదో ఆఫీసులో గుమస్తా ఇంకు పెట్టె ముందుకు తోస్తే, దాన్ని వెనక్కి తోసేసి, క్యూలో పాతికమంది చూస్తుండగా ఇంటిపేరుతో సహా పదకొండు అక్షరాలూ రాసింది. వెనకవాడు గొణిగితే, "మీ అమ్మని అడుగు, ఆమెకెన్ని వచ్చో" అంది.

ఆ మూడో తరగతి చదువే ఈ కొట్టులో ఒక నియమం అయి కూర్చుంది. ఎలాగంటే, ఒక కుర్రాడు పార్ట్‌టైమ్ పని కాంట్రాక్టుకు నకలు తీయించుకోవడానికి వచ్చాడు. అప్పటికే సంతకం పెట్టేశాడు. వెనకపేజీ అక్క ఒక లైను మీద వేలు పెట్టి, ఇదేంటని అడిగింది.

"పరిశీలన కాలం అక్కా. మామూలుగా అందరికీ ఉండేదే."

"సరే, ఆవిడకి చెప్పు" అంటూ మామ్మను చూపించింది.

కుర్రాడు మామ్మ ముందు నిలబడి, పరిశీలన కాలం అంటే పరిశీలించే కాలం అన్నాడు. ఎవరు ఎవరిని పరిశీలిస్తారు, ఎన్నాళ్లు, ఆ మధ్యలో నువ్వు మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, వాళ్లు తీసేయాలంటే ఎన్ని రోజులు అని మామ్మ వరసగా అడిగింది. ప్రతిదానికీ కుర్రాడు, మామూలుగా అందరికీ ఉండేదే అన్నాడు. "నాయనా, నీకన్నా నా మిషను నయం, సూది విరిగితే కనీసం ఆగుతుంది" అంది మామ్మ.

అప్పట్నుంచి అదే పద్ధతి. కాంట్రాక్టు తెచ్చిన పిల్ల గానీ పిల్లాడు గానీ మామ్మ మిషను ముందున్న బెంచీ పక్కన నిలబడి దాన్ని మామ్మకు పైకి చదివి వినిపించాలి. మామ్మకు అర్థమైతే సంతకం. అర్థం కాని లైను పక్కన ఆమె దర్జీ సుద్దతో చిన్న గీత గీస్తుంది. ఆ గీత ఉన్న చోటల్లా వెళ్లి పని ఇచ్చేవాళ్లనే అడిగి రావాలి.

మొదట్లో మామ్మకు రోషం వచ్చింది. "అంటే ఏంటే, నాకే అర్థమైతే లోకంలో ఇంక ఎవరికైనా అర్థమవుతుందనా?"

"కాదు పిన్నీ. నువ్వు అర్థం కానిదాన్ని అర్థమైందని అనవు. చదువుకున్నవాళ్లు అంటారు."

ఆ మాట మామ్మ రెండు రోజులు నెమరేసింది. మూడో రోజు బెంచీ మీద దుమ్ము తుడిచింది.

అలా ఎంతమందో. ఒక అమ్మాయి టెలిఫోను ఆఫీసు కాంట్రాక్టులో "సంస్థ అప్పగించే ఇతర పనులు" అని చదివితే మామ్మ ఆపింది.

"ఇతర పనులంటే?"

"అంటే, అన్నీ అనుకుంటా మామ్మా."

"మేనేజరు చొక్కాకి బొత్తాం ఊడితే కుట్టాలా?"

"ఏమో మరి."

"కుట్టేట్టయితే నా దగ్గర నేర్చుకుని వెళ్లు. కాకపోతే ఏ పనులో రాయించుకుని రా."

ఇంకొకడు దరఖాస్తు చదివాడు. తాను చురుకైన వ్యక్తిననీ, సవాళ్లను స్వీకరిస్తాననీ, బృందంతో కలిసి ముందుకు సాగుతాననీ రాసుకున్నాడు. మామ్మ కళ్లజోడు పైనుంచి చూసింది. "ఇదెవరి గురించి?"

"నా గురించే."

"నిన్న ప్యాంటు జిప్పు పాడైందని చెప్పడానికి మా గుమ్మంలో అరగంట నిలబడ్డావు. సవాళ్లు ఏ వీధిలో స్వీకరించావు?"

వెనకపేజీ అక్క మిషను దగ్గర్నుంచే అడిగింది: "పనేమన్నా చేశావా తమ్ముడూ ఎప్పుడైనా?"

"అనుభవం లేదక్కా. ఆదివారాలు మా నాన్న సైకిలు షాపులో కూర్చుంటా, అంతే. పంక్చర్లు వేస్తా. వచ్చినవాళ్లతో మాట్లాడతా."

"ఎన్నాళ్ల నుంచి?"

"ఎనిమిదో తరగతి నుంచి."

"ఆరేళ్లు పనిచేసి అనుభవం లేదంటావేం? సవాళ్లు కొట్టేసి సైకిళ్లు రాయి."

వారం రోజులు ఊరికే చేసి చూపించమన్నారని వచ్చిన పిల్లకు, "ఒక గంట చేస్తే చూపించడం. వారం చేస్తే అది పనే, దానికి కాగితం ఉండాలి" అని చెప్పింది అక్క. అసలు సర్టిఫికెట్లు అడుగుతున్నారన్న పిల్లవాడికి, "చూపించు, ఇవ్వకు. ఏ చేత్తో చూపించావో ఆ చేత్తోనే ఇంటికి తెచ్చుకో. వాళ్లకి నకలివ్వు. నకలు తీయడానికే కదా నేను కొట్టు పెట్టుకుంది" అంది. వారానికి ఎన్ని గంటలు చేయొచ్చక్కా అంటే, ముందు క్లాసుల టైమ్‌టేబుల్ తెచ్చి బల్ల మీద పెట్టమనేది. కాలేజీలో అడిగి నియమం తెలుసుకోమనేది, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పేది కాదు. మాట ఇచ్చారు కదా, కాగితం ఎందుకక్కా అని ఎవరైనా అంటే మాత్రం మిషను ఆపి, ఆ పిల్లను కూర్చోబెట్టి, అట్టపెట్టెల సంగతి మొదటినుంచీ చెప్పేది. మామ్మ అది నూరుసార్లు వింది. నూటొకటోసారి కూడా మిషను తొక్కడం ఆపి వింటుంది.

ఇదంతా చూసే కాలేజీవాళ్లు ఆమెను దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఇంటర్వ్యూలో మళ్లీ అదే అడిగారట, అనుభవానికి రుజువేదని. ఈసారి ఆమె అడగకుండానే ముప్పైమంది ఉత్తరాలు రాసి ఇచ్చారు. బట్టల దుకాణం పిల్ల ఇప్పుడు పెద్ద ఉద్యోగంలో ఉంది. ఆమె ఉత్తరం కాగితానికి రెండు వైపులా ఉంది.

అంత మనిషి, తన కాగితం దగ్గరికి వచ్చేసరికి ఏం చేసిందంటే, ల్యామినేషన్ చేసేసింది.

మంగళవారం పొద్దున మామ్మకు వేడి ప్లాస్టిక్ వాసన తగిలింది. చెక్క మీదుగా చూస్తే, ఆ కాంట్రాక్టు అద్దంలా మెరుస్తూ మేకుకు వేలాడుతోంది. వచ్చిన పిల్లలంతా దాన్ని తలెత్తి చూసి, "కంగ్రాట్స్ అక్కా" అని వెళ్తున్నారు. అక్క చెయ్యి మిషను మీద ఉన్నా చూపు మేకు మీదే.

"చదివావా?" అంది మామ్మ.

"చదివాను పిన్నీ. బాగానే ఉంది."

బుధవారం అడిగింది. బాగానే ఉందంది. గురువారం మామ్మ అడగలేదు, అక్కే చెప్పింది బాగానే ఉందని. మామ్మకు అక్కడ అనుమానం వచ్చింది. బాగానే ఉంది అనేది పిల్లలు అనే మాట. ఎవరి కాంట్రాక్టు తెచ్చినా నిమిషంలో నాలుగు తప్పులు పట్టే మనిషికి, తనదాంట్లో ఒక్కటీ దొరకలేదంటే కాగితం మంచిదై ఉండాలి, లేదా కళ్లు మెత్తబడి ఉండాలి. పైగా గది ఖాళీ అయితే తనకు తోడెవరన్న బెంగ కూడా మామ్మ లోపల ఒక మూల ఉంది. తను అడిగేది ఆ బెంగకొద్దీ అని అక్క అనుకుంటుందేమోనని గురువారం నోరు నొక్కుకుంది. శుక్రవారం మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇక ఆగలేకపోయింది.

"దాన్ని దింపి ఇలా తే. చదువు, వింటాను."

"నీకెందుకు పిన్నీ శ్రమ? సంతకం పెట్టి ఇచ్చేసి వస్తాను."

"ఊళ్లో పిల్లలందరికీ ఒక నియమం, నీకొక నియమమా?"

వెనకపేజీ అక్క నవ్వి, మేకు నుంచి కాగితం దింపి, పిల్లలు నిలబడే చోటే నిలబడింది. పేరు చదివింది. ఉద్యోగం పేరు, గది ఎక్కడ, వేళలు, వారానికి సెలవు ఎన్ని రోజులు, అన్నీ చదివింది. మామ్మకు అన్నీ అర్థమయ్యాయి. అటు తిప్పింది. అక్కడ ఏ పనులు చేయాలో వరసగా ఉన్నాయి, కింద కాలేజీ గుండ్రటి ముద్ర. అవీ అర్థమయ్యాయి.

"అయిపోయింది పిన్నీ. చెప్పానుగా."

"మరి సంతకం ఎక్కడ పెడతావు?"

అక్క ఇటు చూసింది, అటు చూసింది. చుక్కల గీత ఎక్కడా లేదు.

మామ్మ కళ్లజోడు సర్దుకుని కాగితం మూల మీదికి వంగింది. అక్షరాల సంగతి ఎలా ఉన్నా, అంకెలు ఆమె రాజ్యం. "ఇటువైపు ఒకటి ఉంది. అటువైపు మూడుంది. ఒకటి తర్వాత రెండేదే?"

వెనకపేజీ అక్క స్టూలు మీద కూర్చుండిపోయింది.

"రెండు కాగితాలు పిన్నీ. వీపుకి వీపు ఆనించి ఒకే కవర్లో పెట్టి వేడి చేశాను. వెనక ఖాళీ అనుకున్నాను."

"అనుకున్నావా, చూశావా?"

మామ్మకు నోటిదాకా వచ్చింది, నీ పేరేంటో ఒకసారి చెప్పు అని. వచ్చినదాన్ని మింగేసింది. అలా మింగడం ఆమె జీవితంలో చాలా తక్కువసార్లు జరిగింది.

"ఇంకో ప్రతి ఇమ్మని అడిగితే?" అంది మామ్మ.

"కాంట్రాక్టులు చదివిపెట్టే పనికి తీసుకుంటున్నారు పిన్నీ నన్ను. మొదటి కాంట్రాక్టుకే ప్లాస్టిక్ వేశానని చెప్పనా?"

"సరే, ఒక్కటి చెప్పు. లోపలి వైపులు ఒకదానికొకటి అంటుకుపోయాయా?"

"లేదు. ప్లాస్టిక్ బయటివైపే పట్టుకుంటుంది. చుట్టూ అంచులే మూసుకుపోయాయి."

"అంచులైతే నాకొదిలెయ్. యాభై ఏళ్లుగా చేసేది అదే."

మామ్మ దాన్ని కుట్టుమిషను బల్ల మీద పరిచి, రవికెల చంకల కుట్లు విప్పే చిన్న కత్తెర తీసింది. కాగితం అంచుకు వెంట్రుకవాసి బయట, నాలుగు వైపులా తీసుకుంటూ వచ్చింది. చివరి మూల దగ్గర కత్తెర పక్కన పెట్టి గోటితో లాగింది. రెండు కాగితాలూ రెండు రేకుల్లా విడిపోయాయి. ఒకవైపు మెరుపు, ఒకవైపు మామూలు కాగితం. మామూలువైపు నిండా అక్షరాలు. రెండు, నాలుగు అని కింద అంకెలు. నాలుగో దాని అడుగున రెండు చుక్కల గీతలు.

"లెగు. చదువు" అంది మామ్మ.

ఈసారి గొంతు మారింది. పిల్లల కాగితాలు చదివే గొంతు అది, ఎక్కడా తొందర లేదు. మానాలంటే నెల ముందు చెప్పాలి, తీసేయాలన్నా అంతే. ఒంట్లో బాగోకపోతే ఎవరికి చెప్పాలో ఉంది. పదకొండో షరతు దగ్గర కొంచెం ఆగి చదివింది: "ఈ ఉద్యోగంలో ఉన్నంత కాలం ఉద్యోగి కాలేజీ బయట ఎక్కడా, ఎవరికీ, ఉద్యోగ పత్రాల విషయంలో సలహా ఇవ్వరాదు."

మామ్మ సుద్ద చేతిలోకి తీసుకుంది గానీ గీత గీయలేదు. "ఇది నాకు బాగానే అర్థమైంది. కాలేజీలో లేని పిల్లలు వస్తారు కదా సాయంత్రాలు? ఆ మందుల షాపు పిల్ల, ఆ వంటగదిలో పనిచేసేవాడు. వాళ్లకి చెప్పకూడదు. ఈ బెంచీ తీసేయాలి."

"ఊరికే రాసుంటారు పిన్నీ. ఎవరు చూడొచ్చారు?"

"ఊరికే రాసినదానికి అంకె ఎందుకు వేశారు?"

అక్క బెంచీ వైపు చూసింది. మేకు వైపు చూసింది. పదిహేనేళ్లు కాగితం లేకుండా బతికిన మనిషి చేతిలో మొదటిసారి కాగితం ఉంది, ఐదింటికి గడువు. మామ్మ పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు. మూడున్నరకు వెనకపేజీ అక్క రెండు కాగితాలూ అట్టలో పెట్టుకుని రోడ్డు దాటింది.

ఆ గంటలో మామ్మ కుట్టిన ప్యాంటు అంచు వంకర వచ్చింది. విప్పి మళ్లీ కుట్టింది. మళ్లీ వంకరే. ప్యాంటు తెచ్చినవాడి కాళ్లే వంకరై ఉంటాయని సర్దిచెప్పుకుంది.

నాలుగున్నరకు అక్క తిరిగొచ్చింది. నడకలో తొందర లేదు. స్టూలు లాక్కుని, చెక్కకు ఇటువైపు, మామ్మ పక్కనే కూర్చుంది.

"ముందు గుమస్తా నవ్వాడు పిన్నీ, కాగితం ఒకవైపు మెరుస్తోందని. దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సంతోషం పట్టలేక ప్లాస్టిక్ వేశాను, రేపు పిల్లలకి వేయొద్దని నేనే చెప్తాను అన్నాను."

"తర్వాత?"

"ఆఫీసరు గారి దగ్గరికి పంపారు. పదకొండోది ఎందుకండీ అన్నాను. అందరి కాంట్రాక్టుల్లోనూ ఉంటుంది, వేరేచోట నుంచి తీసుకున్న నమూనా అన్నాడు. నా పని మీకు తెలిసింది ఆ బెంచీ వల్లే, బెంచీ తీసేస్తే మీరు తీసుకుంటున్నది ఎవర్నండీ అన్నాను. జాబితాలో ఇంకొకరు ఉన్నారమ్మా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"వాళ్లకి కూడా ఈ లైను చదివి వినిపించండి, కావాలంటే నేనే వెళ్లి పిలుచుకొస్తాను అన్నాను. పదిహేనేళ్లు కాగితం లేకుండా చేశాను, ఇంకొన్నాళ్లు చేస్తాను, అర్థమై కూడా కానట్టు మాత్రం సంతకం పెట్టను అన్నాను. ఆయన ఫోను చేశాడు ఎవరికో. తర్వాత పెన్ను తీశాడు."

ఆమె రెండో పేజీ మామ్మ ముందు పెట్టింది. పదకొండో షరతులో "ఉన్నంత కాలం" కొట్టేసి, పైన "పని వేళల్లో" అని రాసుంది. పక్కన ఆఫీసరు పొట్టి సంతకం, దాని కింద అక్క పొట్టి సంతకం. సాయంత్రం ఆరు తర్వాత బెంచీ ఎక్కడిదక్కడే ఉంటుంది. గదిలో ఆ సగానికి అద్దె కూడా తనే కడతానంది అక్క. పగలు జిరాక్సు మిషను నడపడానికి ఆమె చెల్లెలు వస్తుందట.

"ఫ్యాను తనవైపే తిప్పుకోనని ఆవిడ కూడా మాటివ్వాలి" అంది మామ్మ.

"ఇంకా పూర్తి కాలేదు పిన్నీ." అక్క నాలుగో పేజీ తీసింది. మొదటి చుక్కల గీత మీద ఆమె సంతకం తడిగా ఉంది. రెండో గీత ఖాళీ. "ఇక్కడ సాక్షి సంతకం కావాలి. నన్ను ఎరిగినవాళ్లు, ఇది నేను చదివి, తెలిసే పెట్టానని చెప్పగలిగినవాళ్లు. వాళ్ల టైపిస్టు పెడతానన్నాడు, ఒక్క నిమిషం పని అన్నాడు. వద్దన్నాను. దానికి మా పిన్ని ఉంది, ఇరవై నిమిషాల్లో తెస్తానన్నాను."

మామ్మ కాగితం వైపు చూసింది. చుక్కలు లెక్కపెట్టింది. వేళ్లకున్న సుద్ద కొంగుకు తుడుచుకుంది. "పదకొండు అక్షరాలకి చోటు సరిపోతుందా ఇక్కడ?"

"సరిపోకపోతే పక్కకి రాయి. ఎవరూ ఏమనరు."

మామ్మ పెన్ను అందుకుంది. మూత తీసింది. మళ్లీ పెట్టేసింది.

"చదవకుండా నేనెక్కడా పెట్టనని తెలుసుగా నీకు. మధ్యాహ్నం విన్నది వేరు, ఇప్పుడు రాత మారింది."

"చదువుతానుండు" అంటూ అక్క లేవబోయి, ఆగింది. రెండో పేజీ మామ్మ వైపు తిప్పి, పదకొండో షరతు ఆమె వేలి కిందికి జరిపింది. రోడ్డవతల కాలేజీ గడియారంలో ఐదుకు ఇంకా పాతిక నిమిషాలుంది. గుమ్మంలో ఎవరూ లేరు.

"ఈ ఒక్క లైను నువ్వు చదువు పిన్నీ. పైకే చదువు, నిదానంగా. ఇవాళ నేను వింటాను."